లతా గొంతు, లాస్ ఏంజిలిస్ బీటు: ‘అడిక్టివ్’ పాట ఎవరిది?

2002 వేసవిలో అమెరికా రేడియోల్లో ‘అడిక్టివ్’ అనే పాట తెగ మోగింది. పాడింది ట్రూత్ హర్ట్స్ అనే కొత్త గాయని. మధ్యలో ర్యాప్ అందుకున్నది రాకిమ్. బీట్ కట్టింది డీజే క్విక్. విడుదల చేసింది పేరున్న ర్యాపర్, ప్రొడ్యూసర్ డాక్టర్ డ్రే లేబుల్, అంటే రికార్డు కంపెనీ, ఆఫ్టర్‌మాత్. బిల్‌బోర్డ్ హాట్ 100లో 9వ స్థానం దాకా వెళ్ళింది. ఇంతమంది పేరున్నవాళ్ళు కలిసి చేసినా, ఒక్కసారి విన్నవాళ్ళ చెవిలో తిరుగుతూ ఉండేది వీళ్ళెవరి గొంతూ కాదు, లతా మంగేష్కర్ గొంతు. 1981లో వచ్చిన హిందీ సినిమా ‘జ్యోతి’లో బప్పీ లహరి బాణీకి ఆమె పాడిన ‘థోడా రేషమ్ లగ్తా హై’ నుంచి క్విక్ ఒక ముక్క తీసుకుని, దాన్ని లూప్ చేసి, అంటే మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చేలా చేసి, ఆ లూప్ మీద ఈ పాట కట్టాడు. ఎవరి అనుమతీ లేకుండానే పాట మార్కెట్‌లోకి వెళ్ళింది.

ఈ ఉదంతాన్ని కొందరు దొంగతనం కథగా చెబుతారు, కొందరు తూర్పు పడమరలు కలిసిన కథగా చెబుతారు. రెండూ సగం సగమే నిజం. అసలు తమాషా వేరే చోట ఉంది. ఈ పాటలో ఎవరి వాటా ఎంత అని చెవిని అడిగితే ఒక వరస చెబుతుంది. చట్టాన్ని అడిగితే దాదాపు తలకిందుల వరస చెబుతుంది. ‘అడిక్టివ్’ మీద నడిచిన కేసు చదివితే ఈ తేడా కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

ముక్క దొరికిన తీరు క్విక్ స్వయంగా చెప్పాడు. ఒక ఉదయం లేచి టీవీ పెడితే ఏదో హిందీ ఛానల్ వచ్చింది. సౌండ్ పెంచి పళ్ళు తోముకోవడానికి బాత్రూమ్‌లోకి వెళ్ళాడు. కాసేపటికి తనకు తెలియకుండానే ఆ పాటకు ఊగుతున్నట్టు గమనించాడు. పరుగున వచ్చి వీసీఆర్‌లో రికార్డ్ బటన్ నొక్కాడు. అంటే పాత రికార్డుల షాపుల్లో దుమ్ము దులిపి వెతికి పట్టుకున్న సరుకు కాదిది. ఆ సినిమా ఏదో, పాడుతున్నది ఎవరో అప్పటికి అతనికి తెలియాల్సిన అవసరం కూడా రాలేదు. అతన్ని పట్టుకున్నది శబ్దం మాత్రమే. పాత రికార్డింగ్‌లోంచి ముక్క (శాంపిల్) కోసి కొత్త పాటలో వాడే శాంపిలింగ్ అనే కళకు బలమూ, జబ్బూ రెండూ ఇక్కడే ఉన్నాయి. పేరు, ఊరు, భాష ఏవీ తెలియకపోయినా మంచి ముక్కను పసిగట్టే చెవి ఉండటం బలం. పేరు తెలుసుకోకుండానే పని అయిపోవడం జబ్బు.

క్విక్ చేసిన పనిలో నైపుణ్యం ఎంతో చూడాలంటే ముందు ఆ పదార్థం ఎలాంటిదో తెలియాలి. టీవీ నుంచి వీసీఆర్‌కు ఎక్కిన శబ్దం అది. 1981 నాటి సినిమా పాటలో గాయని, తాళవాద్యాలు, ఆర్కెస్ట్రా అన్నీ ఒకే మిక్స్‌లో కలిసిపోయి ఉంటాయి. కాగిన పులుసులోంచి చింతపండు రసాన్ని మళ్ళీ వేరు చేయలేనట్టే, 2002లో ఉన్న పరికరాలతో ఆ మిక్స్‌లోంచి లత గొంతును ఒక్కదాన్నే శుభ్రంగా బయటికి లాగడం సాధ్యమయ్యేది కాదు. గొంతు కావాలంటే దాని వెనకున్న దరువుతో సహా తెచ్చుకోవాలి. అప్పుడు కొత్తగా వేసే డ్రమ్స్ ఆ పాత దరువుతో గొడవ పడకూడదు. అది ఎక్కడ బరువు వేస్తుందో అక్కడ కిక్ డ్రమ్ కూర్చోవాలి, అది ఖాళీ వదిలిన చోట చప్పట్లో, స్నేర్ డ్రమ్మో పడాలి. ఇక పాత సినిమా పాటల్లో కింది స్థాయి శబ్దం, అంటే కడుపులో మోగే బేస్, పలచగా ఉంటుంది. హిప్-హాప్ బతికేదే దాని మీద. అందుకే ఇలాంటి పనిలో ప్రొడ్యూసర్లు పాత ముక్కలోని ఆ కాస్త బేస్‌ను కూడా ఫిల్టర్‌తో కోసేసి, ఆ ఖాళీలో తమ బేస్ లైన్ నింపుతారు. ‘అడిక్టివ్’లో వినిపించేది సరిగ్గా ఆ పంపకమే. పైన బొంబాయి స్టూడియో, కింద లాస్ ఏంజిలిస్.

ఇంకో సంగతి. చాలా హిప్-హాప్ పాటల్లో శాంపిల్ అంటే రెండు సెకన్ల ట్రంపెట్టో, నాలుగు మాత్రల డ్రమ్ముల వరసో. దాన్ని నరికి, వేగం మార్చి, తిరగేసి, అసలు యజమాని విన్నా గుర్తుపట్టలేనంతగా మార్చేవాళ్ళున్నారు. ఇక్కడ అలా లేదు. లత పల్లవి పదాలతో సహా గుర్తుపట్టేలా ఉంటుంది, మళ్ళీ మళ్ళీ వస్తుంది. ట్రూత్ హర్ట్స్ దాని సందుల్లోంచి దారి చేసుకుంటూ పాడుతుంది. ఆ ముక్క తీసేస్తే మిగిలేది ఓ మాదిరి ఆర్ అండ్ బీ పాట. ఈ మాట క్విక్ ప్రతిభను తక్కువ చేయడానికి కాదు. ఈ పాటకు శాంపిల్ అలంకారం కాదు, దూలం.

ఈ పద్ధతి పుట్టుక మాత్రం దొంగతనం నుంచి కాదు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 1973 ఆగస్టులో డీజే కూల్ హెర్క్ తన చెల్లెలి పార్టీకి రికార్డులు వేసిన రోజునే హిప్-హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. జనం ఎక్కువగా ఎగిరేది పాటలో గొంతు ఆగి, డ్రమ్స్ మాత్రమే మోగే చోట అని హెర్క్ గమనించాడు. ఒకే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ళ మీద పెట్టి, ఒకదాంట్లో ఆ చోటు అయిపోగానే రెండోదాంట్లో మొదలుపెట్టి, కొన్ని సెకన్ల సంగతిని నిమిషాల తరబడి సాగదీసే పద్ధతి పట్టాడు. లూప్ అంటే అదే, చేత్తో చేసింది. తర్వాత మెషీన్లు వచ్చాయి. 1987లో వచ్చిన ఎస్‌పీ-1200 అనే శాంప్లర్‌లో మొత్తం కలిపి సుమారు 10 సెకన్ల శబ్దమే పట్టేది. అందుకని నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డును 45 చుట్ల వేగంతో తిప్పి ఎక్కించేవాళ్ళు, మెషీన్‌లోకి వెళ్ళాక వేగం తగ్గించేవాళ్ళు. అలా తగ్గించినప్పుడు శబ్దానికి ఒక గరుకుదనం వచ్చేది. ఆ గరుకే తర్వాత స్టైల్ అయి కూర్చుంది.

అప్పట్లో డబ్బు లెక్కలు ఎవరూ పెద్దగా అడగలేదు. అడగకపోవడం వల్ల నష్టపోయిన వాళ్ళు మాత్రం ఉన్నారు. అమెరికన్ ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ పాట ‘ఫంకీ డ్రమ్మర్’లో డ్రమ్స్ వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ దరువు వందల పాటల్లోకి వెళ్ళింది. పాట రాసినవాడిగా అతని పేరు లేదు కాబట్టి శాంపిల్ రాయల్టీల్లో అతనికి వాటా లేదు. 1969లో ద వింస్టన్స్ బృందం రికార్డు చేసిన ‘ఆమెన్, బ్రదర్’లోని ఆరేడు సెకన్ల డ్రమ్ ముక్క మీద ఒక సంగీత ధోరణే నిలబడింది. దాన్ని వాయించిన గ్రెగరీ కోల్‌మన్ 2006లో నిలువ నీడ లేని స్థితిలో చనిపోయాడు. ఇద్దరూ వాయించిన వాళ్ళే తప్ప, కాగితం మీద ‘రాసిన’ వాళ్ళు కాదు. ఈ తేడా ముందు ముందు లత విషయంలో కూడా వస్తుంది.

1991 డిసెంబరులో ఆట మారింది. బిజ్ మార్కీ అనే ర్యాపర్ గిల్బర్ట్ ఓ’సల్లివన్ పాటలోని పియానో ముక్కను అనుమతి లేకుండా వాడుకున్న కేసులో న్యూయార్క్ ఫెడరల్ జడ్జి తీర్పును బైబిల్ పది ఆజ్ఞల్లోని ‘దొంగిలించకూడదు’ అనే వాక్యంతో మొదలుపెట్టాడు. అక్కడితో లేబుళ్ళకు చెమటలు పట్టాయి. అప్పటినుంచి శాంపిల్ క్లియరెన్స్ అనేది రోజువారీ ఆఫీసు పని అయింది. ప్రతి ముక్కకూ రెండు అనుమతులు కావాలి. ఒకటి బాణీకీ సాహిత్యానికీ, రెండోది ఆ రికార్డింగ్‌కు. మొదటిది పబ్లిషర్ దగ్గర, రెండోది సాధారణంగా రికార్డు కంపెనీ దగ్గర ఉంటాయి. ముక్క బాగా వినిపించేదైతే కొత్త పాట రాబడిలో సగానికి పైగా పాతవాళ్ళకు పోయిన సందర్భాలూ ఉన్నాయి.

మరి 2002లో, ఈ పద్ధతి స్థిరపడి పదేళ్ళు దాటాక, అంత పెద్ద లేబుల్ నుంచి అనుమతి లేని పాట ఎలా బయటికి వచ్చింది? జేమ్స్ బ్రౌన్ ముక్కో, ఫంకడెలిక్ అనే అమెరికన్ బృందం ముక్కో అయి ఉంటే లీగల్ డిపార్ట్‌మెంట్ దాటి గుమ్మం బయట అడుగు పెట్టేది కాదు. హిందీ సినిమా పాట కాబట్టి ఎవరూ ఉలిక్కిపడలేదు అనుకోవడమే సబబు. ఆ రెండు మూడేళ్ళలో అమెరికన్ హిప్-హాప్‌కు ‘తూర్పు శబ్దం’ మీద మోజు ముదిరింది. 2001లో ర్యాపర్ మిస్సీ ఎలియట్ కోసం ప్రొడ్యూసర్ టింబలాండ్ తుంబీ (పంజాబీ ఒంటితీగ వాద్యం), తబలా శబ్దాలతో కట్టిన పాట సూపర్ హిట్. దాని తర్వాత అందరూ అదే బాట పట్టారు. ఆ మోజులో అరబ్బు, పంజాబ్, బొంబాయి అన్నీ ఒకటే కుప్ప. ‘అడిక్టివ్’ వీడియోలో హిందీ గొంతుకు అరబ్బుల బెల్లీ డాన్స్ తరహా నాట్యం కలిపారు. తెలుగువాళ్ళ గురించి బయట తీసిన సినిమాలో మనవాళ్ళకు భాంగ్రా కట్టబెడితే మనం ఎంత నవ్వుకుంటామో, ఇదీ అంతే.

రాకిమ్‌కు ఇది మొదటిసారి కూడా కాదు. 1987లో ఎరిక్ బి, రాకిమ్ జంట పాట ‘పెయిడ్ ఇన్ ఫుల్’ను ఇంగ్లండ్‌కు చెందిన కోల్డ్‌కట్ రీమిక్స్ చేసినప్పుడు, అందులో ఓఫ్రా హాజా పాడిన యెమెన్ యూదుల పాట ‘ఇమ్ నిన్‌ఆలు’ ముక్కను కలిపారు. యూరప్‌లో ఆ రీమిక్స్ పెద్ద హిట్. పదిహేనేళ్ళ తర్వాత అదే రాకిమ్ మరో ఆడగొంతు పక్కన, మరో తెలియని భాష పక్కన నిలబడ్డాడు. అతని ర్యాప్‌లో తొణకని నింపాదితనం ఉంటుంది. పక్కన ఒక గొంతు పైస్థాయిలో తిరుగుతుంటే అది ఇంకా బాగా తెలుస్తుంది. వినడానికి ఈ జోడీ కుదిరింది, ఒప్పుకోవాల్సిందే.

పాట హిట్టయ్యాక విషయం బొంబాయికి చేరింది. లత పాట రికార్డింగ్ హక్కులు తమవంటూ సరిగమ ఇండియా, అంటే పాత గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా, 50 కోట్ల డాలర్లకు పైగా నష్టపరిహారం అడుగుతూ ఆఫ్టర్‌మాత్ మీదా, దాని మాతృసంస్థ యూనివర్సల్ మీదా దావా వేసింది. బప్పీ లహరి కూడా కోర్టుకెక్కారు. 2003 ఆరంభంలో లాస్ ఏంజిలిస్ ఫెడరల్ కోర్టు, లహరి పేరు వేయకుండా ఆ ఆల్బమ్ సీడీలను ఇక అమ్మడానికి వీల్లేదని ఉత్తర్వు ఇచ్చింది. ఇక్కడ దేశంలో పత్రికలు దీన్ని పెద్ద విజయంగా రాశాయి. కథ ఇక్కడితో ఆగితే బాగుండేది.

బప్పీ లహరి అంటే తెలుగువాళ్ళకు కొత్తగా పరిచయం అక్కర్లేదు. 1986లో ‘సింహాసనం’తో మొదలై ‘స్టేట్ రౌడీ’, ‘గ్యాంగ్ లీడర్’, ‘రౌడీ అల్లుడు’ దాకా ఇక్కడి థియేటర్లను ఊపేసిన సంగీతం ఆయనది. ఆయన్ని తలచుకున్నప్పుడు ఇంకో సంగతి కూడా దాటవేయకూడదు. 1980లో ‘ప్యారా దుష్మన్’లో ఉషా ఉతుప్ పాడిన ‘హరి ఓం హరి’ బాణీ ఎరప్షన్ బృందం పాడిన డిస్కో హిట్ ‘వన్ వే టికెట్’ నుంచి వచ్చింది. ‘డిస్కో డాన్సర్’లో బగుల్స్ బృందం ‘వీడియో కిల్డ్ ద రేడియో స్టార్’ ఛాయ పట్టుకోవడం ఎవరికైనా సాధ్యమే. అప్పుకు పేరు చెప్పని అలవాటు మన సినిమా సంగీతంలో క్విక్ పుట్టకముందు నుంచే ఉంది, ఒక్క బప్పీ లహరిలోనే కాదు. అయితే ఈ కారణం చూపి ఆయన ఫిర్యాదును కొట్టిపారేసిన వాళ్ళ వాదన కూడా నిలబడదు. బాణీని మళ్ళీ వాయించడం ఒకటి, ఒక మనిషి పాడిన అసలు రికార్డింగ్‌నే కోసి తెచ్చుకోవడం మరొకటి. రెండోదాంట్లో వాడుకున్నది ఆలోచనను మాత్రమే కాదు, ఒక రోజు ఒక స్టూడియోలో ఒక మనిషి ఊపిరి పట్టి చేసిన పనిని.

కేసులోకి మళ్ళీ వస్తే, లహరి తరఫున వేసిన కాపీరైట్ వాదన కుప్పకూలింది. ఆ పాట కాపీరైట్ ఆయనది కానే కాదని తేలింది. కారణం అమెరికా చట్టం కాదు, మన చట్టమే. పాట పుట్టింది భారత్‌లో కాబట్టి మొదటి యజమాని ఎవరన్నది భారతీయ చట్టం ప్రకారమే చూడాలి. 1977లో ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ కేసులో మన సుప్రీంకోర్టు, నిర్మాత డబ్బిచ్చి సినిమా కోసం బాణీ చేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి యజమాని నిర్మాతే అని తేల్చింది. ‘జ్యోతి’ పాట నిర్మాత సొత్తు, నిర్మాత నుంచి రికార్డు కంపెనీకి చేరింది. సంగీత దర్శకుడికి పారితోషికం ముట్టింది, అంతటితో సరి.

తర్వాత జరిగింది మరీ విచిత్రం. హక్కు లేదని తెలిసే, అది ఉన్నట్టు చూపించడానికి లహరి తరఫు అమెరికన్ లాయర్ ఏళ్ళ తరబడి కేసు సాగదీశాడని కోర్టు నిర్ధారించింది. అతనికి సుమారు 2.47 లక్షల డాలర్ల జరిమానా వేసింది. 2010లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ జరిమానాను ఖరారు చేసింది. 50 కోట్ల డాలర్ల దావా అని పత్రికల్లో అచ్చయిన కథకు అప్పీళ్ల కోర్టు రికార్డులో మిగిలిన ముగింపు ఇది. ఈ రెండో సగం గురించి మన పత్రికల్లో పెద్దగా చప్పుడు లేదు.

పేరు సంగతి కూడా చూడాలి. భారతీయ కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, హక్కులన్నీ అమ్మేసుకున్నా సృష్టికర్తకు తన పేరు తన కృతి మీద ఉండాలని అడిగే హక్కు మిగులుతుంది. అమెరికాలో సంగీతానికి అలాంటి హక్కు దాదాపు లేనట్టే. చిత్రకళ, శిల్పం లాంటి వాటికి మాత్రం పరిమితంగా ఉంది. ఇతరత్రా చట్టాల దారిలో పేరు అడిగే ప్రయత్నాన్ని కూడా 2003 జూన్‌లో డాస్టార్ అనే మరో కేసులో అమెరికా సుప్రీంకోర్టు చాలావరకు మూసేసింది. అంటే బప్పీ లహరికి స్వదేశంలో పేరు హక్కు ఉంది, ఆస్తి హక్కు లేదు. పాట హిట్టయిన దేశంలో ఆస్తి హక్కు ఉన్నవాడే మనిషి.

ఇదే గొడవ ఈజిప్టు పాట విషయంలో ఇంకా తేటగా జరిగింది. 1957లో అబ్దెల్ హలీమ్ హఫీజ్ కోసం బలీఘ్ హమ్దీ కట్టిన ‘ఖోసారా ఖోసారా’ రాగాన్ని టింబలాండ్ ర్యాపర్ జే-జీ పాట ‘బిగ్ పింపిన్’లో వాడాడు. 2001లో ఈఎంఐ మ్యూజిక్ అరేబియాకు లక్ష డాలర్లు కట్టారు. హమ్దీ బంధువు 2007లో కోర్టుకెళ్ళి, మా పెద్దాయన రాగాన్ని ఇలాంటి మాటలకు వాడటానికి మా అనుమతి కావాలన్నాడు. ఆర్థిక హక్కులు మీరు ఎప్పుడో రాసిచ్చేశారు, ఈజిప్టు చట్టంలోని నైతిక హక్కు ఇక్కడ చెల్లదు అంటూ 2015లో లాస్ ఏంజిలిస్ కోర్టు కొట్టేసింది. 2018లో అప్పీలులోనూ అదే మాట.

రికార్డు కంపెనీలకు కూడా ప్రతిసారీ జయం రాలేదు. ద గేమ్ అనే ర్యాపర్ 2005 ఆల్బమ్‌లో టింబలాండ్ కట్టిన ‘పుట్ యూ ఆన్ ద గేమ్’లో ‘ఆరాధన’ సినిమాలోని ‘బాగోం మేం బహార్ హై’ నుంచి సుమారు ఒక్క సెకను ముక్క ఉందని సరిగమ దావా వేసింది. లత, రఫీ పాడిన పాట అది. కోర్టు 1967 నాటి ఒప్పందం కాగితాలు బయటికి తీయించింది. కంపెనీకి నిర్మాత ఇచ్చిన ప్రత్యేక హక్కు రెండేళ్ళకే పరిమితమని చదివి, 2011లో పదకొండో సర్క్యూట్ కోర్టు సరిగమకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. పాత సినిమా కంపెనీల కాగితాల బీరువాల్లో ఏముందో సరిగ్గా చూసుకోకుండా అమెరికా కోర్టు మెట్లెక్కితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. ఒక్క సెకను ముక్క మీద ఇంత వాదన అవసరమా అంటే, వాటి నిడివి ఎంతో కాదు, అవి ఎంత గుర్తుంటాయో దాన్ని బట్టే ఈ వ్యాపారం నడుస్తుంది.

అక్కడ ఇలా ఉంటే, ఇక్కడ మనవాళ్ళు ఊరుకోలేదు. ‘అడిక్టివ్’ అమెరికాలో హిట్టయిన కొద్ది కాలానికే ‘కలియోం కా చమన్’ పేరుతో అదే పాట రీమిక్స్ మన మ్యూజిక్ ఛానళ్ళలో గంటకోసారి వచ్చేది. పాడింది వేరే గాయని. అప్పటికి మన కాపీరైట్ చట్టంలో ‘వెర్షన్ రికార్డింగ్’ అనే వెసులుబాటు ఉంది. పాట వచ్చిన రెండేళ్ళ తర్వాత నోటీసిచ్చి, నిర్ణీత రాయల్టీ కడితే దాన్ని మళ్ళీ పాడించి అమ్మవచ్చు. ఆనాటి రీమిక్స్ వెల్లువకు ఈ సందు కూడా ఒక కారణం. 2012 సవరణలో దీన్ని బిగించారు. రెండేళ్ళను అయిదేళ్ళు చేశారు, పాటను మార్చడం మీద కూడా ఆంక్షలు పెట్టారు. ఇరవయ్యేళ్ళు మరుగున పడిన ‘జ్యోతి’ పాటను మన కుర్రకారుకు మళ్ళీ గుర్తు చేయడానికి లాస్ ఏంజిలిస్ నుంచి ఒక బీట్ రావాల్సి వచ్చింది. ఆ మేరకు క్విక్‌కు మనం బాకీ ఉన్నట్టే.

అదే 2012 సవరణ సంగీత దర్శకులకూ, గీత రచయితలకూ ఇంకో మేలు చేసింది. సినిమాలో భాగంగా థియేటర్లో ఆడేది తప్ప, మిగతా వాడకాల రాయల్టీలో సగం వాటాను వాళ్ళు నిర్మాతకో, కంపెనీకో వదులుకోవడానికి వీల్లేదని చట్టమే చెప్పింది. 2017లో ఇళయరాజా తన పాటలు కచేరీల్లో అనుమతి లేకుండా పాడొద్దని ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి నోటీసు పంపినప్పుడు తెలుగునాట రెండు వర్గాలై వాదించుకున్నారు. పాడినవాడికి పాట మీద ఏమీ లేదా అన్నది ఆ రోజు చాలామంది అడిగిన ప్రశ్న. బాలు పాటకూ శాంపిల్ యోగం ఉంది. ‘మరో చరిత్ర’కు హిందీ రూపమైన ‘ఏక్ దూజే కే లియే’లో లతతో కలిసి ఆయన పాడిన ‘తేరే మేరే బీచ్ మేం’ నుంచి వయొలిన్ల ముక్క బ్రిట్నీ స్పియర్స్ ‘టాక్సిక్’లో మోగుతుంది. ఆ సినిమా వచ్చింది కూడా 1981లోనే. అక్కడ తీసుకున్నది వాద్యాలను మాత్రమే. బాలు, లతల గొంతులు దాంట్లో లేవు.

గొంతు తీసుకున్నది ‘అడిక్టివ్’లో. అందుకే ఆ ప్రశ్న ఇక్కడ ఇంకా గట్టిగా తగులుతుంది. చెవి చెప్పే వరసలో మొదటి పేరు లత, రెండోది బప్పీ లహరి, రికార్డు కంపెనీ ఎక్కడో చివర. చట్టం చెప్పే వరసలో మొదటిది కంపెనీ, తర్వాత పేరు వరకు సంగీత దర్శకుడు. గాయని ఆ వరసలోనే లేరు. 1981లో మన చట్టం గాయకులకు ఏ హక్కూ ఇవ్వలేదు. ప్రదర్శకుల హక్కు వచ్చింది 1994 సవరణతో, రాయల్టీ వాటా 2012లో. లత తెలియక ఊరుకున్న మనిషి కాదు. 1960లలోనే గాయకులకు రాయల్టీ కావాలని పోరాడారు, ఆ విషయంలో రఫీతో మాటలు కూడా ఆగిపోయాయి. 1977 తీర్పులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ అదనంగా ఒక వ్యాఖ్య జతచేశారు. సంగీతంలో కాపీరైట్ స్వరకర్తకు మాత్రమే ఉండి, పాడినవాళ్ళకు ఏమీ లేకపోవడం మన దేశపు తీరుకు పొసగదన్నది దాని సారం. తీర్పు కట్టుబాటు నిర్మాత పక్షాన నిలిచింది, ఆ వ్యాఖ్య కాగితం మీద ఉండిపోయింది.

లైసెన్సుల ఖర్చు తప్పించుకోవడానికి హిప్-హాప్‌లో చాలాకాలంగా ఒక దారి ఉంది. పాత రికార్డింగ్‌ను కోయకుండా, అదే బాణీని స్టూడియోలో మళ్ళీ వాయించడం. అప్పుడు బాణీకి మాత్రమే కడితే చాలు, రికార్డింగ్ హక్కుతో పని లేదు. 1979లో వచ్చిన ‘రాపర్స్ డిలైట్’లో షిక్ బృందం బేస్ లైన్‌ను అలాగే మళ్ళీ వాయించారు, తర్వాత ఆ బృందంలోని నైల్ రాజర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్‌లకు రచయితలుగా పేరు ఇచ్చారు. ఈ పద్ధతిలో ఆరితేరినవాడిగా పేరున్నది స్వయంగా డాక్టర్ డ్రేకే. 1992లో తన ‘ద క్రానిక్’ ఆల్బమ్ కోసం పాత ఫంక్ ముక్కలను మంచి వాద్యకారులతో తిరిగి వాయించుకున్నాడు. పదేళ్ళ తర్వాత అదే డ్రే లేబుల్ నుంచి వచ్చిన ‘అడిక్టివ్’కు ఆ దారి ఎందుకు పట్టలేదంటే, బేస్ గిటార్ వాయించేవాళ్ళు లాస్ ఏంజిలిస్‌లో వీధికొకరు దొరుకుతారు. ఆ పల్లవిని లతలా పాడేవాళ్ళు అక్కడే కాదు, ఎక్కడా దొరకరు. కేసు కాగితాల్లో మాత్రం వాదులుగా ఉన్నవి సంగీత దర్శకుడి పేరు, రికార్డు కంపెనీ పేరు.